రిపోర్టు రాకముందే చెప్పిన సాక్ష్యం

నేను దేనికీ భయపడే మనిషిని కాను. డాక్టరమ్మ నోట క్యాన్సర్ అన్న మాట విని నవ్వినవాణ్ణి.

మొదలైంది ఒక ఆదివారం. ఇబ్రహీంపట్నంలోని మా చర్చిలో ఏళ్లుగా పాట ఎత్తుకునేది నేనే. ఆ రోజు పల్లవిలోనే గొంతు బొంగురుపోయింది. వేడినీళ్లు పుక్కిలించినా వారాల తరబడి తగ్గలేదు. ఎల్బీనగర్‌లో డాక్టరమ్మ ముక్కులోంచి స్కోప్ పెట్టి చూసి, "వోకల్ కార్డ్ మీద గడ్డలా ఉంది. బయాప్సీ చేద్దాం" అంది.

గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు ఇంకా రాలేదు. ఆ ఆదివారం గొంతు కాస్త తేటపడింది. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పేవాళ్లను పాస్టరుగారు రమ్మనగానే లేచాను.

"ప్రభువు నన్ను ముట్టిండు. గడ్డ కరిగిపోయింది" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత రిపోర్టు వచ్చింది. "క్యాన్సరే, పెద్దాయనా. తొలి దశలో ఉంది. రేడియేషన్ ఆలస్యం చేయకండి" అంది డాక్టరమ్మ. నవ్వానని పైన రాశాను కదా, అది పెంచి రాసింది. నిజానికి భయంతో కుర్చీ చేయి పట్టుకున్నాను.

అంతకంటే పెద్ద భయం ఇంకోటి. రేడియేషన్‌కు పోతే నా సాక్ష్యం అబద్ధమని తేలిపోతుంది. రేపు, ఎల్లుండి అంటూ తప్పించుకున్నాను. గొంతు మళ్లీ పూడుకుపోయింది.

"ఎందుకు పోవు?" అని నిలదీసింది నా భార్య రూతమ్మ.

"దేవుని పేరు పోతది."

"దేవుని పేరుకేం ఫికర్ లేదు. పోయేది నీ ఇజ్జత్. జర నడువు."

ఆమే పాస్టరుగారిని ఇంటికి పిలిచింది. అంతా విని ఆయన, "తాతా, సిలువకు ముందు రాత్రి గెత్సేమనె తోటలో ప్రభువు కూడ భయపడ్డడు. దాచుకోలే. నువ్వెందుకు దాస్తున్నవ్?" అన్నారు. ఆదివారం లేచి రిపోర్టు సంగతి చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు. ముసలమ్మలు కన్నీళ్లతో ప్రార్థించారు.

రేడియేషన్ మధ్యలో మాట పూర్తిగా పోయింది. గంజి కూడా మింగుడుపడలేదు. ఇక ఆపేద్దామని చేత్తో సైగ చేశాను. రూతమ్మ చూడనట్టే నన్ను బస్సెక్కించింది.

ఇప్పుడు గడ్డ పోయింది, గొంతు మాత్రం గరగరలాడుతోంది. పాట వేరేవాళ్లు ఎత్తుకుంటారు, నేను వెనక బెంచీ నుంచి అందుకుంటాను. చెకప్ రోజున ఎల్బీనగర్ దారిలో బస్సు తుర్కయాంజాల్ దాటితే చాలు, మళ్లీ గడ్డ వచ్చిందేమోనని గొంతు తడుముకుంటాను. మీ బొంగురు రెండు మూడు వారాల్లో తగ్గకపోతే గొంతు డాక్టరుకు చూపించండి. ప్రార్థన చేస్తూనే వెళ్లండి.

మొన్నటి చెకప్‌కు మాత్రం ధైర్యంగా వెళ్లానని రాసి, రూతమ్మకు చదివి వినిపించాను.

"ధైర్యమా? బస్సు ఎక్కినప్పటిసంది దిగేదాక నా కొంగు వదలలే. గట్ల పట్టుకొనే ప్రార్థన చేసినవ్. గది రాయి."