చేసి చూపిస్తేనే బానెట్టు తెరిచేది

మేస్త్రీ షెడ్డుకి ఎంత పెద్ద బండి వచ్చినా, ఎంత పెద్దమనిషి తెచ్చినా రూలు ఒక్కటే. బండి ఏం శబ్దం చేస్తోందో తెచ్చినవాళ్ళు ముందు నోటితో చేసి చూపించాలి. అప్పటిదాకా ఆయన బానెట్టు మీద చెయ్యి వెయ్యడు.

"ఏదో శబ్దం వస్తోందండీ" అంటే కుదరదు. "ఏదో అంటే? గరగరా? కటకటా? కుయ్యిమంటోందా?" అని నిలదీస్తాడు. "కటకటే అనుకుంటా" అంటే, "అనుకోవడం కాదండీ, అనండి" అంటాడు.

ఒకసారి హైస్కూలు హెడ్మాస్టరు స్కూటరు తోసుకుంటూ వచ్చారు. ఆయన దగ్గితే చాలు, వరండా మొత్తం ఖాళీ అయిపోతుంది. అటూ ఇటూ చూసి, చెయ్యి అడ్డం పెట్టుకుని, "టిక్" అన్నారు.

"మీ స్కూటరు ఇంత మర్యాదగా చెడిపోయి ఉండదు సార్. గట్టిగా!" అన్నాడు మేస్త్రీ.

"టిక్కు టక్కు టిక్కు టక్కు... ఫట్!"

ఆయన వెనక్కి తిరిగేసరికి తొమ్మిదో తరగతి సగం గేటు దగ్గర నిలబడి ఉంది. మర్నాటి నుంచి ఆయన క్లాసులో భయం తగ్గింది గానీ హాజరు పెరిగింది.

మేస్త్రీకి తన విషయంలోనూ ఇదే పద్ధతి. మోకాలు నొప్పెడితే డాక్టరు దగ్గరికి వెళ్ళి, "దిగేటప్పుడు కిర్రుమంటుంది, ఎక్కేటప్పుడు కిటుక్కుమంటుంది" అని రెండూ వేరువేరుగా వినిపించాడు. డాక్టరు మందు రాయడం మానేసి రెండోసారి చెయ్యమన్నాడు.

షెడ్డులో విడిభాగాల కౌంటరు చూసుకునేది మేస్త్రీ భార్య. ఆయన సంగతి ఆవిడకి పెళ్ళికి ముందే తెలుసు. సంబంధం మాట్లాడటానికి ఆయన మొదటిసారి వాళ్ళింటికి వచ్చినప్పుడు హాల్లో ఫ్యాను గోల పెడుతోంది. మేస్త్రీ టీ కప్పు కింద పెట్టి, కాబోయే మామగారిని, "స్పీడు పెంచితే ఇది ఎలా అంటుందండీ? ఒకసారి అనండి" అన్నాడు. ఆ మామగారు పుట్టి బుద్ధెరిగి ఎవరికీ ఎదురు చెప్పని మనిషి. కుర్చీలో సర్దుకుని కూర్చుని, "కిర్ కిర్ కిర్ర్ర్" అన్నాడు.

లోపలి గదిలోంచి అది విన్న ఆవిడ అప్పుడే ఒట్టు పెట్టుకుంది. ఈయన్ని చేసుకుంటే చేసుకుంటాను గానీ, చచ్చినా ఏ శబ్దమూ చెయ్యను అని. ఆ ఒట్టు మూలానే ఇంట్లో చెడిపోయిన కుట్టుమిషను ఏళ్ళ తరబడి మూలపడి ఉంది.

"ఎలా అంటోంది?" అంటాడు ఆయన.

"వచ్చి వినండి" అంటుంది ఆవిడ.

"అలా కుదరదు."

"ఇలా కూడా కుదరదు."

ఇద్దరికీ పట్టుదల సమానం కాబట్టి ఆవిడ పక్కింటికి వెళ్ళి కుట్టుకుంటుంది.

ఇక మిలటరీ లారీ వచ్చిన రోజు సంగతి. లారీ ఇంకా వీధి మలుపు తిరగలేదు, షెడ్డు రేకులు మాత్రం అప్పుడే వణకడం మొదలుపెట్టాయి. ఎదురింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. మేస్త్రీ చేస్తున్న పనిలోంచి తల కూడా ఎత్తకుండా, "ఏమోయ్, పై అరలో డైనమో బేరింగు ఉంటుంది, దింపి పెట్టు" అన్నాడు. భార్య ఎందుకని అడగాలనుకుంది గానీ, ఆ మోతలో అడిగినా వినపడదని స్టూలెక్కి దింపింది.

లారీ వచ్చి గేటు ముందు ఆగింది. ఆకుపచ్చ రంగు సగం ఊడిపోయింది, వెనకాల నీళ్ళ ట్యాంకు కట్టి ఉంది. డ్రైవరు సీట్లోంచి తెల్లమీసాల పెద్దాయన, కవాతులో ఉన్నట్టు నిటారుగా దిగాడు. రెండోవైపు నుంచి ఆయన కూతురు దిగింది. ఆ అమ్మాయి చెవుల్లో దూది ఉంది.

"మేస్త్రీగారూ, మీరే ఏదో ఒకటి తేల్చాలి" అంది దూది తీస్తూ. "నాన్న సర్వీసులో నడిపిన బండి ఇది. వేలంలో కొనుక్కుని, గొట్టం నీళ్ళు ఎక్కని కొండమీద ఇళ్ళకి రోజూ నీళ్ళు తోలుతున్నారు. ఇప్పుడీ మోత! ఇంజను పోయిందని అందరూ అంటున్నారు. ఎక్కడ సగం కొండలో ఆగి వెనక్కి జారుతుందోనని నాకు నిద్ర పట్టట్లేదు. ఇవాళ తేలకపోతే సాయంత్రం పాత ఇనుము అతన్ని రమ్మన్నాను."

పెద్దాయన అడ్డొచ్చాడు. "నా బండిలో ఏ శబ్దమూ లేదు. ఈ కాలం వాళ్ళ చెవులు మరీ సున్నితం. ఇనుముకి అమ్మేముందు నన్ను కూడా తూకం వెయ్యమని చెప్పు."

"నాన్నా, అదేం మాటలు!"

"సరే సార్" అన్నాడు మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ. "శబ్దం చేసి చూపించండి."

"నేను చేస్తాను" అంది కూతురు. ఆత్రంలో సిగ్గు కూడా మర్చిపోయి, "ఘర్ర్ర్ర్ టంగ్! ఘర్ర్ర్ర్ టంగ్!" అంది.

"బాగా చేశావమ్మా. కానీ స్టీరింగు పట్టుకునేది నాన్నగారు కదా, ఆయనే చెయ్యాలి."

పెద్దాయన కాళ్ళు దగ్గరికి జోడించి, గొంతు సవరించుకున్నాడు. సెల్ఫు కొట్టాడు. ఇంజను అందుకుంది. మొదటి గేరు, రెండో గేరు, మలుపు దగ్గర హారను, మూడో గేరులో కొండ ఎక్కుడు, పైన ఎయిర్ బ్రేకు "తుస్స్" దాకా నోటితోనే లారీని కొండెక్కించి దింపాడు. వీధిలో జనం చప్పట్లు కొట్టారు.

మేస్త్రీ భార్య మాత్రం కొట్టలేదు. పెద్దాయన నోట్లోంచి వచ్చింది కొత్త లారీ శబ్దం. అందులో ఎక్కడా గరగర లేదు, టంగ్ లేదు. ఊరంతా వింటున్నది ఆయనకి వినపడటం లేదు. ఆయన చెవులు ఎప్పుడు తగ్గాయో ఏమో, పాత శబ్దాన్నే గుర్తుపెట్టుకుని బండి నడుపుతున్నాడు. ఇక తన భర్త వెర్రి రూలు మూలాన ఈ పెద్దమనిషి పరువు ఇంతమందిలో పోబోతోంది. ఆవిడ కౌంటరు దాటి వచ్చి, "ఏమండీ, ఇవాళ్టికి వదిలెయ్యండి" అని ఆయన చొక్కా పట్టి లాగింది.

మేస్త్రీ ఆవిడ వైపు చూడలేదు. "శభాష్ సార్! ఇంత బాగా చేసినవాళ్ళు ఈ షెడ్డులో ఇంతవరకూ లేరు" అని, గోడకి తగిలించిన బారు స్క్రూడ్రైవరు అందుకున్నాడు. "కానీ మిలటరీ బండి రోగం చెవులకి అందదు. దాన్ని పళ్ళతో వినాలి."

"పళ్ళతోనా?" అన్నారు అందరూ.

"ఇంజను వెయ్యమ్మా" అన్నాడు కూతురితో. బానెట్టు ఎత్తి, స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడిని పళ్ళతో కరిచిపట్టి తల ఊపాడు. తర్వాత పిడి కడిగి భార్యకిచ్చాడు. ఆవిడ మొహమాటపడుతూనే కరిచింది. ఇంజను మొత్తం తలకాయలోకి వచ్చి కూర్చున్నట్టయింది. మళ్ళీ కడిగి, ఇదంతా మామూలేనన్నట్టు, "ఇక మీ వంతు సార్" అని పెద్దాయనకి అందించాడు.

పెద్దాయన కరిచాడు. మీసాలు ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఇటు జరిపాడు, అటు జరిపాడు. ఇంజనులో కాదు. నీళ్ళ పంపులో కాదు. బ్యాటరీని ఛార్జి చేసే డైనమో మీద పెట్టగానే ఎగిరిపడి, పిడి వదిలేసి అరిచాడు.

"ఘర్ర్ర్ర్ టంగ్! ఇదిగో! ఇక్కడ! ఘర్ర్ర్ర్ టంగ్!"

మేస్త్రీ ఇంజను ఆపించి, డైనమోని తిప్పే బెల్టు విప్పి, మళ్ళీ వేయించాడు. మోత మాయమైంది. లారీ ఆ పెద్దాయన నోట్లో పలికినట్టే పలికింది. "ఇంజను రాయిలా ఉంది. డైనమో బేరింగు ఒక్కటే అరిగింది. కనిపెట్టింది మీరే సార్" అన్నాడు మేస్త్రీ. కూతురు కళ్ళు తుడుచుకుని, పాత ఇనుము అతన్ని రావద్దని చెప్పడానికి ఫోను తీసింది.

పెద్దాయన స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. మేస్త్రీని దగ్గరికి రమ్మని, రహస్యం అనుకుని వీధి చివరిదాకా వినపడేలా అడిగాడు: "మేస్త్రీ, దీన్ని ఎప్పుడూ పెట్టుకుని తిరిగే ఏర్పాటేమైనా ఉందా?"

మేస్త్రీ కూడా అంతే రహస్యంగా అరిచి చెప్పాడు: "ఉంది సార్! చిన్న సైజులో! చెవుల డాక్టరు దగ్గర!"

పెద్దాయన పకపకా నవ్వాడు. బేరింగు మార్చాక తాళంచెవి కూతురి చేతిలో పెట్టి, "డాక్టరు దాకా నువ్వే నడుపు. నేను పక్కన కూర్చుంటా" అన్నాడు.

లారీ వెళ్ళాక మేస్త్రీ భార్య కౌంటరు సర్దుతుంటే ఖాళీ బేరింగు డబ్బా చేతికి తగిలింది. అప్పుడు వెలిగింది ఆవిడకి.

"ఏమండీ, లారీ మలుపు తిరగకముందే మీకు తెలిసిపోయింది కదూ?"

"ఆ మోత తెలియకపోతే షెడ్డు మూసుకోవాలి."

"మరి అందరి చేతా ఈ గోల చేయించడం దేనికి?"

"బండి చెడిపోతే మనిషి కొంప మునిగినట్టు వస్తాడు. ఒక్కసారి గుర్రుమన్నాడంటే నవ్వేస్తాడు. నవ్వాక నేను చెప్పేది చెవికెక్కుతుంది" అన్నాడు, మోకాలు కిటుక్కుమనిపిస్తూ లేచి.

"అయితే ఆ రోజు మా నాన్నతో ఫ్యాను..."

"మీ నాన్నగారు బెదిరిపోయి కూర్చున్నారు. నేను అంతకన్నా బెదిరిపోయి ఉన్నాను. ఎవరో ఒకరం నవ్వాలి కదా."

ఆవిడ డబ్బా పక్కన పెట్టింది. వీధిలోకి తొంగిచూసి ఎవరూ లేరని రూఢి చేసుకుంది. అప్పుడు చీర కొంగు సర్దుకుని, ఆయన ఎదురుగా నిలబడి, కుట్టుమిషను ఎలా అంటోందో మొదటిసారి చేసి చూపించింది.