కళ్ళు మూసుకోండి మేడమ్

అంకెల టీచరుకి కళ్ళంటే గిట్టదు. వేళ్ళుండగా మనిషికి కళ్ళెందుకని ఆవిడ వాదన. ఈ ఏడాదే పట్టుకుంది ఈ పిచ్చి. ఎదుట ఎవరున్నా సరే, ఆవిడ నోట మొదట వచ్చే మాట "కళ్ళు మూసుకోండి". పిల్లలతో అంటే పోనీలే అనుకోవచ్చు, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడితో కూడా అంది.

ఆ మాట వింటే బడి నడిపే పెద్ద మేడమ్‌కి ఒళ్ళు మంట. అసలే ఈ ఏడాది ముసురు బడిని వదిలిపెట్టడం లేదు. శిశు తరగతి గోడలు చెమ్మెక్కి పెచ్చులూడుతున్నాయి. పట్టపగలే దీపం వెయ్యాలి, ఆ దీపం కూడా ఏడుపుముఖం పెట్టుకునే వెలుగుతుంది. మేడమ్ కళ్ళజోడు సర్దుకుని తొంగిచూస్తే ఆ మసకలో పిల్లలంతా కళ్ళు మూసుకుని, మోచేతుల దాకా మట్టి పూసుకుని కూర్చుని ఉంటారు. తొట్టిలో బంకమన్ను, బకెట్లో నానిన శనగలు, గుడ్డసంచుల్లో గుండీలు. గరుకు కాగితంతో కత్తిరించిన అంకెలు గోడ పొడుగునా అతికించి ఉంటాయి. వాటిని చదవకూడదు, తడమాలి.

"ఇది బడా, ఇటుకల బట్టీనా?" అని మేడమ్ ఓసారి నిలదీసింది.

"కళ్ళు మూసుకోండి మేడమ్."

"నేనెందుకు మూసుకోవాలి?"

అంటుండగానే అరచేతిలో చల్లగా, మెత్తగా ఏదో పడింది. మేడమ్ కెవ్వుమంది. తీరా చూస్తే తడి స్పాంజి ముక్కలు.

"ఎన్నో చెప్పండి?"

"నీ ఉద్యోగం ఇంకెన్ని రోజులుంటుందో అన్ని!"

"మూడేనండీ" అంది టీచరు, ఏమాత్రం నొచ్చుకోకుండా.

ఫిర్యాదులకి కొదవలేదు. బ్యాంకు మేనేజరు కొడుకు నిరుడు వంద దాకా గడగడా అప్పజెప్పేవాడు, రెండు బిస్కెట్లివ్వరా అంటే మాత్రం పొట్లమంతా ఇచ్చేసేవాడు. ఈ ఏడాది వాడే ఇంట్లో చేపల తొట్టిలో చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని చేపల్ని లెక్కపెట్టాడు. తండ్రి బడికొచ్చి చిందులు తొక్కాడు.

"లెక్క తప్పాడాండీ?" అని ఆత్రంగా అడిగింది టీచరు.

"లెక్క సరిపోయింది. చేపే పోయింది!"

ఆ గొడవ చల్లారకముందే ఇంకో వింత గొడవ మొదలైంది. తల్లులు వరసగా వచ్చి ఒకటే మొర. "మావాడు కళ్ళజోడు కొనమని అన్నం మానేశాడు మేడమ్. చూపు నిక్షేపంలా ఉంది. ఏం నేర్పుతున్నారిక్కడ?"

కారణం దర్జీ గారి పాప. సీసా అడుగంత మందం అద్దాల వెనక గుడ్లు మిటకరించే బక్కపిల్ల. సంచిలో చెయ్యి పెట్టిందంటే గుండీలెన్నో ఠక్కున చెప్పేస్తుంది. గరుకు అంకె మీద వేలు ఆనిస్తే చాలు, పేరు పలికేస్తుంది. "తొండి టీచర్! దానికి కళ్ళజోడుంది!" అని మిగతా పిల్లలు లబోదిబోమనేవారు. వేళ్ళకి బలం అద్దాల్లోంచే వస్తుందని క్లాసంతా తేల్చేసింది.

బడి కమిటీ అధ్యక్షుడికి ఓపిక నశించింది. బోర్డు మీద అంకెలు చదివించే టీచరు సోమవారం నుంచి వస్తుంది, ఈవిడకి చెప్పేయండి అన్నాడు. మేడమ్‌కి దిగులేసింది. విసుగు సంగతెలా ఉన్నా, ఒక మనిషిని పొమ్మనడం ఆవిడకి చేతకాని పని.

సాయంత్రం పిల్లలంతా వెళ్ళాక తరగతికి వెళ్ళింది. వాన చూరు మీంచి ధారగా పడుతోంది. దర్జీ గారి పాప ఒక్కతే నాన్న కోసం ఎదురుచూస్తూ గుండీలు సంచుల్లోకి సర్దుతోంది. మేడమ్ గొంతు తగ్గించి విషయం చెప్పింది.

టీచరు మొదటిసారి కళ్ళు మూసుకోమనలేదు. మేడమ్‌ని వరండాలోకి తీసుకెళ్ళింది.

"ఆ పాపకి బోర్డు కనబడదు మేడమ్. అద్దాలు మార్చినా లాభం లేదట. పెద్దయ్యేసరికి చూపు పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పారట. వాళ్ళ నాన్న ఈ సంచులు కుట్టిచ్చి, ఎవరికీ చెప్పద్దన్నాడు."

మేడమ్ గుమ్మంలోంచి పాప వైపు చూసింది. "దానికొక్కదానికే విడిగా నేర్పొచ్చుగా తల్లీ. అందరి కళ్ళూ మూయించడం ఎందుకు?"

"ఒక్కదాన్నే మూల కూచోబెడితే, అంకెలకంటే ముందు తన మీద తను జాలిపడటం నేర్చుకుంటుంది. ఇప్పుడు చూడండి, క్లాసంతా దాన్ని చూసి కుళ్ళుకుంటోంది. ఇంకొన్నాళ్ళు కుళ్ళుకోనివ్వండి మేడమ్."

"మరి మీటరు వాడితో ఎందుకన్నావు?"

"అది... అలవాటైపోయిందండీ."

అంతలో మేడమ్ చేతిలో ఫోను మోగింది. అధ్యక్షుడే.

"ఆవిడకి చెప్పేశారా?"

"చెప్పాను సార్. వచ్చే ఏడాది కూడా నువ్వే రావాలని చెప్పాను."

"తల్లిదండ్రులకి ఏం సమాధానం చెబుతారండీ?"

"కళ్ళజోళ్ళు కొనిపెట్టమంటాను" అని ఫోను పెట్టేసింది. తిట్లు రేపు తినొచ్చు.

లోపలికెళ్ళి పాప పక్కన చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చుంది. సంచిలో చెయ్యి పెట్టి చాలాసేపు కెలికింది.

"ఏడు."

పాప తనూ చెయ్యి పెట్టింది. "ఎనిమిది. చిన్నది పెద్దదాని కింద దాక్కుంది." మేడమ్ ముఖం వాడిపోయిందనుకుందో ఏమో, చెయ్యి చాచి మేడమ్ కళ్ళజోడు తడిమి చూసింది. "మీ అద్దాలు పల్చన మేడమ్, అందుకే. నావంత మందం అయ్యాక మీకూ వచ్చేస్తుందిలెండి."

"అంతేనంటావా? అయితే సంచి ఇంకోసారి పట్టు" అంది మేడమ్. ఈసారి ఎవరూ చెప్పకుండానే కళ్ళు మూసుకుంది.