మేనత్త ఇంట్ల దిగిన పదకొండు మంది స్వాములు

మాల వేసుకున్నంక మనిషికి పేరు ఉండదు. అందరు స్వాములే. భక్తి లెక్కన ఇది గొప్ప సంగతే గని, రోడ్డు మీద మాత్రం పరేషాన్. పదకొండు మందిమి వరుసగ నడుస్తుంటే వెనకనుంచి ఎవరన్న "స్వామీ, మీ తువ్వాల పడ్డది" అన్నరనుకో, పదకొండు మందిమి ఆగి భుజాలు తడుముకునేటోళ్ళం.

అన్నిటికంటె విచిత్రం మా బాపు నన్ను స్వామీ అనుడు. దీక్షకు ముందు రోజు దాక "ఒరేయ్ దున్నపోతా, లెవ్వు" అన్న మనిషి, మాల పడ్డ తెల్లారి నా చాప పక్కన నిలవడి "స్వామీ, లెవ్వున్రి, తానం చెయ్యాలె" అన్నడు. నాకు బుగులు పుట్టింది. నాకేదో పెద్ద రోగం ఉన్నది, ఇంట్లోళ్ళు దాచిపెడుతున్నరు అనుకున్న.

నేను భక్తితోని మాల వేసుకోలే. అమ్మ వేపిచ్చింది. బాపుకు బీపీ ఉన్నది, ఒక మోకాలు ఎప్పుడో మొండికేసింది, అసొంటి మనిషిని ఒక్కన్ని శ్రీశైలం దాక నడవనియ్యనన్నది. "దేవుడు ఎట్లాగు గుడిలనే ఉంటడు. తొవ్వ పొడుగున నువ్వు చూసుకో" అన్నది. మాది చౌటుప్పల్ పక్క ఊరు. నేను మందుల కంపెనీల సీసాల మీద లేబుళ్ళు వంకర లేకుంట అంటినయా లేదా అని చూసే కొలువు చేస్త. బాపు నేత ఇడిచిపెట్టి ఒక వెంచర్ కాడ వాచ్‌మన్ పని చేస్తడు. ఖాళీ ప్లాట్లకు కాపలా. ఎత్కపోయేటందుకు ఆడ హద్దురాళ్ళు తప్ప ఏం లెవ్వు. అవి కూడ బరువు.

నడకల అసలు సంగతి దేవుడు కాదు, రాత్రి పండుకునే జాగా. ఎండ వాలినప్పటి సంది అందరి మనసులు దాని మీదనే ఉంటయి. పైకి మాత్రం నమఃశివాయ అంటం. మా గురుస్వామి దగ్గర ఒక నోట్‌బుక్ ఉండె. ఏ ఊళ్ళె ఎవరింట్ల దిగాలె, ఎవరికి ఫోన్ చెయ్యాలె అన్నీ అందుల రాసిపెట్టుకున్నడు. మొదటి రాత్రి నారాయణపూర్ అవతల ఒక గుడి మండపం. ఆ ఊరోళ్ళు మా మీద ప్రేమతోని మైకు మా నెత్తి మీదనే కట్టిన్రు. రెండో రాత్రి మర్రిగూడ దిక్కు ఇద్దరు రైతులు మా కోసం కొట్లాట పెట్టుకున్నరు. "పోయినేడు నీ ఇంట్లనే దిగిన్రు గద, ఈయేడు నా వంతు" అని ఒకాయన, "నా ఇంట్ల ఉప్మా అయిపోయింది, ఇప్పుడు దాన్నేం చెయ్యాలె" అని ఇంకొకాయన. ఆఖరికి ఒకరింట్ల ఉప్మా తిని, ఇంకొకరింట్ల ఉప్మా తిని, ఇద్దరిండ్ల నడుమ ఉన్న కల్లంల పండినం. మనిషికి ఇంత గిరాకి ఉంటదని నాకు ఆ దినం దాక ఎరుక లేదు.

మూడో రాత్రి మజిలీ మాత్రం నోట్‌బుక్ లెక్కన నడవలే. ఎప్పుడు దిగే ఇంట్ల మైల ఉన్నదని ఫోన్ వచ్చింది. అప్పుడు బాపే నోరు తెరిచిండు. దేవరకొండ దాటినంక డిండి రోడ్డు మీద ఒక ఊరున్నది, ఆడి బడి మంచిగుంటది, వరండ పెద్దది, నల్లా ఉన్నది అన్నడు. నేను ఏం పట్టించుకోలే. నాలుగో తరగతిల బడి ఇడిచిపెట్టిన మనిషికి బళ్ళ మీద గింత పట్టు ఏడికెళ్ళి వచ్చిందని కూడ అడగలే.

పొద్దుమీకంగ ఆ ఊరి కమాను కనవడ్డది. నా కాళ్ళ బొబ్బలు ఒక్కపారే నొప్పి ఆపినయి. ఆ ఊరు మా మేనత్తది.

బాపుకు తోడబుట్టింది ఆమె ఒక్కతే. ఆయనకంటె నాలుగేండ్లు పెద్ద. ఆరేండ్ల సంది ఇద్దరికి మాటల్లెవ్వు. మా ఇంటి ముందటి అర్రల గుంట మగ్గం ఉండె. నేలల గుంట తీసి, అందుల కాళ్ళు పెట్టుకోని కూసోని నేసేది. బాపు తల్లి, మా అవ్వ, అందుల్నే నేసింది. అత్త, బాపు అందుల్నే నేర్చుకున్నరు. అవ్వ పోయి ఏడాది కూడ తిరగలే, బాపు వాచ్‌మన్ కొలువుల చేరి, మగ్గం పీకి, గుంట పూడిపిచ్చి, మీద టైల్స్ ఏపిచ్చిండు. అత్తకు చెప్పలే. బోనాలకు వచ్చిన అత్త అర్రల అడుగుపెట్టి కిందికి చూసింది.

"గుంట ఏదిరా?"

"పూడిపిచ్చిన."

అత్త చాయ్ కూడ తాగకుంట బస్సెక్కింది. గింతే కొట్లాట. ఒక్క తిట్టు లేదు, పెద్దమనుషులు లేరు. బయటోళ్ళకు చెప్పుకుందామంటె సరిగ్గ చెప్పరాదు కూడ. ఆ జాగాల ఇప్పుడు మా ఫ్రిజ్ ఉన్నది. దాని తలుపు తీసినప్పుడల్ల బాపు ఒక్క ఘడియ కిందికి చూస్తడు. ఇన్నేండ్లు నేను నీళ్ళ సీసా కోసం చూస్తున్నడనుకున్న.

బడికి తాళం ఉండె. గేటు కాడ కూసున్న ఒకాయనను గురుస్వామి తాళంచెవి అడిగిండు.

"చెవి సారు తాన ఉంటది స్వామీ."

"సారు ఏడి?"

"సారు పట్నం నుంచి వచ్చిపోతడు. మల్ల సోమారమే."

ఆ దినం శనివారం. పదకొండు మందిమి గేటు సందుల్నుంచి ఆ పెద్ద వరండను, నల్లాను చూసుకుంట నిలవడ్డం. బాపు చెప్పింది అబద్ధం కాదు, రెండు ఉన్నయి. అంతల వెనకనుంచి ఒక గొంతు వచ్చింది.

"మా ఇంటికి రాన్రి స్వాములూ. జాగా ఉన్నది."

చిన్నప్పుడు నన్ను జామచెట్టు దిగుమని అదిలిచ్చిన గొంతు అది. వెనకకు తిరిగి చూసిన. అత్తనే. కొద్దిగ బక్కగైంది. నేను "అత్" దాక వచ్చి, బాపు మొఖం చూసి, "మాతా" అన్న. ఆమె నా దిక్కు ఒక్క చూపు చూసి "రాన్రి స్వామీ" అన్నది, తక్కిన పది మందికి చెప్పినట్టె. గుర్తువట్టిందో లేదో సమజ్ కాలే. గడ్డం, ఇబూది, కాషాయంల ఉన్న నన్ను నా ఫోనే మొఖం చూసి తెరుస్తలేదు, అత్తనెట్ల అనాలె?

ఆ ఇండ్లల్ల స్వాములు గడప తొక్కాలంటె ముందుగాల కాళ్ళు కడుగుతరు. అత్త బిందె తెచ్చి, ఒక్కొక్కరి కాళ్ళు కడిగి, పసుపు రాసి, మొక్కుతాంది. మేం వరుస కట్టినం. బాపు మూడో మనిషి. నేను చూస్తనే ఉన్న, "మీరు పోండ్రి స్వామీ", "ముందు మీరు స్వామీ" అనుకుంట ఆయన ఒక్కొక్క మెట్టు వెనకకు జరుగుతాండు. రేషన్ దుకాణం కాడ కూడ ఎవరికి జాగా ఇయ్యని మనిషి. చూస్తుండంగనే ఆఖరి స్వామి అయ్యిండు. ఆయన ముందు నేను.

నా కాళ్ళు కడిగింది. నా ముక్కు తుడిచిన చెయ్యి నా కాళ్ళకు మొక్కుతుంటే ఎటు చూడాల్నో తెల్వక దూలం దిక్కు చూసిన. దూలానికి ఒక ఫ్యాన్ ఉన్నది. మూడు రెక్కలు.

ఇగ బాపు. అక్క తమ్ముని కాళ్ళు మొక్కుడంటె మా దిక్కు ఎన్నడు లేదు. ఆయన కాలు ముందటికి రాలే.

"కాలు ఇటు పెట్టున్రి స్వామీ."

"పర్వాలేదు మాతా, నేనే కడుక్కుంట."

"పెట్టున్రి."

పెట్టిండు. మడమ మీద బొబ్బ పగిలి ఉన్నది. అత్త దాన్ని తప్పిచ్చుకుంట చుట్టూ కడిగింది. మొక్కి లేసి లోపటికి పోయింది. నాకు ఏం అర్థం కాలే. గుర్తువట్టి కడిగిందా, పట్టకనా? నా ముందట ఇప్పుడు అయ్యింది పెద్ద సంగతా, ఉత్త కాళ్ళు కడుగుడా? పక్కకున్న స్వామిని అడుగుదామంటె ఆయనకు ఉప్మా వాసన వచ్చింది, నా మాట ఇనే తీరుల లేడు. మల్ల ఉప్మానే.

తినేకాడ అత్త అందరి గ్లాసుల నీళ్ళు పోసుకుంట వచ్చింది. బాపు తన సంచిల్నుంచి అవ్వ ఇత్తడి చెంబు తీసి ముందట పెట్టుకున్నడు. మెడ మీద అవ్వ పేరు చెక్కి ఉంటది దానికి. బయలెల్లిన నాడే నేను "బాటిల్ ఉండంగ చెంబెందుకు స్వామీ" అంటే, "మీకెందుకు స్వామీ" అన్నడు. అత్త చెంబుల నీళ్ళు పోసింది. పోస్తనే ఉన్నది. చెంబు నిండి, పొర్లి, నీళ్ళు ఇస్తారి కిందికి పోయినయి. ఇద్దరు చూస్తనే ఉన్నరు. నా ఉప్మా తడిసింది. ఆ సంగతి కూడ ఎవ్వరు పట్టించుకోలే.

కొంచెం సేపటికి అత్త నన్ను పిలిచి, నూనెల కలిపిన పసుపు చిప్పల పెట్టి ఇచ్చింది. "ఆ ఆఖరి స్వామికి ఇయ్యున్రి స్వామీ. మడమకు." అప్పుడైతే రూఢి అయ్యింది, గుర్తువట్టింది అని. అయితే మరి ఎందుకు ఒక్క మాట అంటలేదు? బాపు ఎందుకు అంటలేడు? నేను అనొచ్చా? అంటే దీక్ష చెడుతదా? గురుస్వామి నియమాలల్ల ఉల్లిగడ్డ గురించి ఉన్నది గని, మేనత్త గురించి ఏం లేదు.

మామ చీరెలు ఇయ్యనీకి పుట్టపాక పోయిండట. మాకు అత్త మగ్గం ఉన్న అర్ర ఇచ్చింది. మగ్గం చుట్టు చాపలు పరిచి పండుకున్నం. తెల్లారగట్ల తానం చేసి వచ్చేసరికి బాపు గుంటల కాళ్ళు ఏలాడేసి మగ్గం ముందట కూసోని ఉన్నడు. నేస్తలేడు. పడుగుల తెగిన పోగులు ఏరి, వేళ్ళతోని నలిచి అతుకుతాండు. గడప కాడ అత్త చీపురు పట్టుకోని నిలవడ్డది.

"ఆ పోగులు మొన్నటి సంది తెగి ఉన్నయి" అన్నది, చీపురుతోని చెప్పినట్టు.

"చేతులు ఊకుంటలేవు మాతా" అన్నడు బాపు, మగ్గంతోని చెప్పినట్టు.

తెగిన పోగులు, అతికిన మనసులు అని ఇక్కడ ఎవరన్న రాస్తమంటె రాసుకోవచ్చు, నాకైతే సంబంధం లేదు. తెగింది పోగు, అతికింది పోగు. ఆరు పోగులు అతికి బాపు లేసిండు. అత్త అర్ర ఊడ్చింది. మేం మూటలు నెత్తికెత్తుకున్నం. అంతే అయ్యింది.

బయలెల్లేటప్పుడు చూస్తే చెంబు కిటికీల ఉన్నది. కడిగి బోర్లిచ్చి ఉన్నది. బాపు అప్పటికే వాకిట్లకు పోయిండు. తొవ్వ పొడుగున చూసుకోమని అమ్మ చెప్పింది గద, చెంబును నా సంచిల పెట్టుకున్న. కొడుకుగ నా బాధ్యత అది.

తర్వాత డిండి, మన్ననూరు, అడవి, కోతులు, దర్శనం. మాల తీసినం. గుండ్లు చేపిచ్చుకున్నం. తక్కిన స్వాములు ఆటో మాట్లాడుకున్నరు. బాపు మాత్రం దేవరకొండ బస్సే కావాలన్నడు. ఆటోల మోకాలు పట్టదట. బస్సు నిండ ఆధార్ కార్డులు చేతుల పట్టుకున్న అవ్వలు. మాకు ఆఖరి సీటు దొరికింది. డిండి దాటంగనే బాపు లేసి నిలవడ్డడు.

"ముందట ఊళ్ళె జర ఆపు బిడ్డా" అని కండక్టర్‌కు చెప్పి, నా దిక్కు తిరిగి, "చెంబు మర్చిపోయినరా ఆ ఇంట్ల" అన్నడు.

"మర్చిపోలే బాపు. కిటికీల ఉంటే నేనే సదిరిన" అని సంచిల్నుంచి తీసి చేతుల పెట్టిన. మెచ్చుకుంటడేమో అని కూడ చూసిన.

బాపు చెంబు దిక్కు చూసిండు.

"దిగుతరా, లేదా?" అన్నడు కండక్టర్.

"వద్దు బిడ్డా. దొరికింది."

ఊరి కమాను కిటికీల్నుంచి పోయింది. బాపు చెంబును ఒళ్ళె పెట్టుకోని మీద తువ్వాల కప్పిండు. నేను రెండు కిలోమీటర్ల దాక ఏం తప్పు చేసిన్నో తెల్వక గుండు గోక్కుంట కూసున్న. అప్పుడు ఒక్కొక్కటి యాదికొచ్చినయి. బడి, వరండ, నల్లా. వరుసల వెనకకు జరుగుడు. కడిగి బోర్లిచ్చిన చెంబు. మర్చిపోయేటోడు చెంబును కడిగి బోర్లిస్తడా? సీసా మీద లేబుల్ వెంట్రుక మందం వంకర ఉంటే పట్టుకునేటోన్ని, ఏడు రోజులు పక్కన నడిచిన మనిషిని పట్టుకోలే. మల్ల ఎన్నడు పోతడు? ఇగ స్వామి కూడ కాదు. ఏ మొఖం పెట్టుకోని పోతడు?

"కండక్టరన్నా, ఆపు! చార్జర్ మర్చిపోయిన!"

"ఏం మనుషులయ్యా మీరు. దర్శనానికి పోయిన్రా, సామాను పంచనీకి పోయిన్రా?"

నాకంటె ముందుగాల బాపు దిగిండు. చార్జర్ నా అంగి జేబుల్నే ఉన్నది, వైరు బయటికి ఏలాడుతాంది. బాపు చూసిండు. "వైరు లోపటికి పెట్టుకో" అన్నడు. ఎండల రెండు కిలోమీటర్లు వెనకకు నడిచినం. శ్రీశైలం దాక నడిచినప్పుడు కూడ గంత దూరం అనిపియ్యలే.

అత్త వాకిట్ల కూసోని రాట్నం మీద కండెలకు నూలు చుట్టుతాంది. రెండు గుండ్లను చూసి రాట్నం ఆపింది. గడ్డాలు లెవ్వు, మాలలు లెవ్వు, మాతా అనేటందుకు లేదు. బాపు గడప అవతల్నే నిలవడ్డడు.

"ఏం మర్చిపోయిన్రు?" అన్నది అత్త.

"చార్జర్" అన్న నేను.

"చెంబు" అన్నడు బాపు, అదే ఘడియల. చెంబు ఆయన చేతుల్నే ఉన్నది.

అత్త చెంబును చూసింది. మెడ మీది పేరును చూసింది. నా జేబు దిక్కు చూసింది, వైరు మల్ల బయటికి వచ్చి ఉన్నది. ఆఖరికి బాపు మొఖం దిక్కు చూసి, రాట్నం పక్కకు జరిపి తొవ్వ ఇచ్చింది.

"లోపటికొచ్చి దేవులాడుకో పోరా" అన్నది.

బాపు చెంబు చేతుల పట్టుకోనే లోపటికి పోయిండు, చెంబు దేవులాడేటందుకు. అత్త చాయ్ పెట్టింది. ఆఖరి బస్సు వచ్చేదాక దేవులాడినం. దొరకలే.