తుపాకికి ఇప్పనూనె

పాల్వంచ కరెంటు కంపెనీ ఇంజనీర్లందరినీ వరసగా నిలబెట్టి ఓడించిన మనిషిని నేను. మొన్న ఖమ్మంలో ఒక పెద్ద దుకాణంలో, ముఖానికి రాసుకునే సరుకుల మధ్య, బొటనవేలంత సీసాలో ఇప్పనూనె కనబడితే ఆ సంగతి గుర్తుకొచ్చింది. చర్మం నిగనిగలాడుతుందని సీసా మీద రాసి ఉంది. అమ్మే పిల్లను పిలిచి, "ఇది తుపాకికి కూడా మంచిదేనమ్మా" అన్నాను. నవ్విందో భయపడిందో గాని, ఆ పిల్ల మళ్ళీ నా దరిదాపులకు రాలేదు.

మా చేను పెనుబల్లి దాటాక అడవిని ఆనుకుని ఉంటుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అందులో మొక్కజొన్న వేసేవాణ్ణి. కాపలాకు మా నాయన నాటి లైసెన్సు తుపాకి ఉండేది. గొట్టం మూతిలోంచి తుపాకిమందు పోసి, జిడ్డు రాసిన గుడ్డపీలికలో సీసపు గుండు చుట్టి, ఇనుపకడ్డీతో అడుగుదాకా దట్టించి పేల్చే పాతకాలపు రకం. అడవిపందులను చంపడానికి కాదు, గట్టు పక్కనున్న మట్టిదిబ్బలోకి పేల్చి ఆ చప్పుడుతో తరమడానికి. వట్టిమందు పేలిస్తే తుస్సుమంటుంది, గుండు బిగిస్తేనే అడవి దద్దరిల్లుతుంది. అయితే అసలు విద్యంతా ఆ పీలికకు రాసే జిడ్డులో ఉంది. ఆ మందు కాలితే గొట్టం నిండా మసి పడుతుంది. జిడ్డు మంచిదైతే మసి మెత్తగా ఉండి రెండో గుండు జారుతుంది, కాకపోతే గట్టిపడి రెండోది దిగదు. మా నాయన ఏం రాసేవాడో నాకు చెప్పకుండానే పోయాడు.

నా భార్య తమ్ముడు పాల్వంచ కరెంటు కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. ఆ ఏడు బస్సు దిగుతూనే ఒక గ్రీజు డబ్బా నా చేతిలో పెట్టాడు. "కొండంత మిషన్లు తిరుగుతయి బావా దీంతోని. నీ తుపాకెంత?" అన్నాడు. ఆ సాయంత్రం మొదటి గుండు బ్రహ్మాండంగా పేలింది. పందులు అడవి అంచుదాకా ఉరికి నిలబడ్డాయి. రెండో గుండు సగంలో ఇరుక్కుంది. గొట్టంలో మసీ గ్రీజూ కలిసి తారురోడ్డు వేసుకున్నాయి. నేను కడ్డీతో కుస్తీ పడుతుంటే పందులు తీరిగ్గా తిరిగొచ్చాయి. ఒక ముసలి పంది కంకి నములుతూ నన్నే చూసింది. నా వంక అంత జాలిగా చూసినవాళ్ళు అంతకుముందు మా మామగారొక్కరే. వారం తిరిగేసరికి, ఒకటి పేలితే రెండోది పేలదని పందుల మందంతటికీ తెలిసిపోయింది.

"తుపాకి స్టేషన్ల అప్పజెప్పి చేల జామాయిల్ పెట్టు బావా. దాన్ని పందులు ముట్టవు" అన్నాడు బామ్మర్ది. "ఈసారి మక్కలు దక్కకపోతే గట్లనే చేద్దాం" అని నా భార్య కూడా వాడి పక్షానికి దూకింది. చుట్టుపక్కల పొలాలు అప్పటికే సగం, కాగితం మిల్లుకు పోయే జామాయిల్ తోటలైపోయాయి. మనిషి నోట్లోకి గింజ పోని చేను చేనెట్లా అవుతుంది? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నేనున్నన్ని రోజులు నా చేల మక్కలే ఉంటయి. పందులు తిన్నా సరే!" అన్నాను. "పందులకు నీ అంత మంచోడు దొరకడు బావా" అన్నాడు వాడు.

ఇక అరుగు మీద ప్రయోగశాల తెరిచాను. పల్లినూనె ఎండకు కారి మందును తడిపేసింది. నెయ్యికి చీమలు పట్టాయి. మేకకొవ్వు రాసిన పీలికలను ఎలుకలు ఎత్తుకుపోయాయి. ఆ కొవ్వును పాలగిన్నెలో కరిగించినందుకు ఆ పూట నా కంచం పెరట్లోకి పోయింది. ఆముదం చలికి బంకలా సాగింది. చివరికి ఇప్పనూనెలో తేనెమైనం కరిగించిన ముద్ద దొరికింది. ఎండకు కారదు, చలికి బిగుసుకోదు. నా బుర్రతో కనిపెట్టానని రాద్దామనుకున్నాను గాని, అది నా భార్య పగిలిన మడమలకు చేసుకున్న మందు. గూట్లోంచి అడక్కుండా తీశాను. ఇంజనీర్ల మాట కూడా ఇక్కడే ఒప్పేసుకుంటే నయం. ఇంజనీర్లందరూ అంటే మా బామ్మర్ది ఒక్కడే. వాడి డ్యూటీ బెల్టుల కింద రాలిన బొగ్గు ఎత్తించడం.

మర్నాడు పొద్దుగుంకే వేళకు వాడు చేతులు కట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. నేనూ నా భార్యా మంచె కింద ఉన్నాం. కంకులు పాలు పట్టి ఉన్నాయి. ఆ సాయంత్రం తప్పితే చేతికి చొప్ప తప్ప ఏమీ మిగలదు. మొదటి గుండు పేలింది. పందులు ఎప్పటిలాగే అంచున నిలబడి, ఎప్పటిలాగే వెనక్కి తిరిగాయి. గొట్టంలో మళ్ళీ మందు పడింది, జిడ్డు పీలికలో చుట్టిన గుండు పడింది, కడ్డీ వెన్నలో వేలు దిగినట్టు అడుగుదాకా దిగింది. రెండోది పేలింది! ముసలి పంది నోట్లో కంకి వదిలేసి పరుగందుకుంది. దాని వెనకే మూడోది కూడా పేలింది. ఆ ఏడు మక్కలు ఇంటికొచ్చాయి. బామ్మర్ది గ్రీజు డబ్బా చంకన పెట్టుకుని బస్సెక్కాడు. తర్వాత కొన్నేళ్లకు తుపాకిని నేనే అప్పజెప్పాను గాని, ఆ చేలో ఇప్పటికీ జామాయిల్ మొక్క లేదు, ఉండదు. కాలం నా దగ్గర చాలా గుంజుకుంది. ఆ రెండో గుండు చప్పుడు మాత్రం నా చెవుల్లోంచి తీసుకోలేకపోయింది.

ఇంతదాకా రాసి నా భార్యకు చదివి వినిపించాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విని, తల ఎత్తకుండానే అంది:

"చప్పుడు నీ చెవులల్ల ఎట్లుంటదయ్యా? రెండోది, మూడోది కొట్టింది నేను. పందులు ఎనక్కి మర్రంగనే తుపాకి నా చేతుల పెట్టి, మంచె ఎక్కి చెవులు మూసుకుంటివి."