పదకొండు ఫోన్లు, ఒకటే బిల్లు

మూడేళ్ళ కిందటి మాట. మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. సత్తెనపల్లి బస్టాండుకు దగ్గర్లో నాకు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. అమ్ముతాను, బాగుచేస్తాను. మా నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు. నేను సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నాను కాబట్టి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ సెల్లు పంతులునయ్యాను. ఇరవై ఏళ్ళలో పగిలిన స్క్రీన్లు, నీళ్ళలో తడిసిన బోర్డులు లెక్కలేనన్ని చూశాను. అయినా మరిచిపోలేని కేసు ఏదని ఎవరైనా అడిగితే నేను చెప్పేది మరియమ్మ ముఠా సంగతే. అందులో తప్పు నాది, గెలుపు ఆవిడది.

మరియమ్మ కూలీ మేస్త్రి. వయసు యాభై దాటింది. తన ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళను కూడగట్టుకుని మిరపకోతకు, పత్తితీతకు తీసుకెళుతుంది. రైతుతో మాట్లాడేది, ఆటో పిలిచేది, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళేది ఆవిడే. ముఠాకు ఏది కొన్నా మేస్త్రి పేరు మీద కొనడం ఇక్కడి అలవాటు. నీళ్ళ డ్రమ్మయినా అంతే, టార్పాలిన్ పట్టా అయినా అంతే. అంతకు ముందు సంవత్సరం నా దగ్గర పదకొండు ఫోన్లు కూడా అలాగే కొన్నారు. అందరివీ ఒకే రకమైతే ఒకరికి తెలిసింది ఇంకొకరికి నేర్పుకోవచ్చని ఆవిడ ఆలోచన.

ఆ ఫోన్లు కొన్న రోజు దుకాణం కిటకిటలాడుతోంది. ఒక్కో ఫోనుకు ఒక్కో బిల్లు రాసి, దాని మీద ఐఎంఈఐ నంబరు వెయ్యాలి. ఐఎంఈఐ అంటే ప్రతి ఫోనుకూ విడిగా ఉండే పదిహేను అంకెల గుర్తింపు. నేను బద్ధకించి ‘మరియమ్మ, ఫోన్లు పదకొండు’ అని, కింద ఆవిడ సెల్ నంబరు వేసి ఒకటే బిల్లు రాసిచ్చాను. ఐఎంఈఐ నంబర్లు వెయ్యలేదు. ఏమవుతుందిలే అనుకున్నాను.

ఏమైందో చెబుతాను. మరుసటి ఏడాది కోతల్లో ఒక మధ్యాహ్నం మరియమ్మ దుకాణానికి వచ్చి, చెంగులోంచి ఒక ఫోను తీసి బల్ల మీద పెట్టింది. దానికి నాలుగు రబ్బరు బ్యాండ్లు చుట్టి ఉన్నాయి.

“సుజాత ఫోను పంతులు గారూ. ఎనకమాల మూత లేస్తంది. బ్యాండ్లేసి బిగించాం. కాస్త జిగురు పెట్టి అతికించండి” అంది.

మూత కాదు లేచింది, లోపల బ్యాటరీ ఉబ్బింది. ఉబ్బిన బ్యాటరీని అదిమితే నిప్పంటుకుంటుంది. నేను ఊపిరి బిగబట్టి ఒక్కో బ్యాండూ తీశాను. ఫోనును పొడి ఇసుక పోసిన డబ్బాలో పెట్టి, డబ్బాను బయట అరుగు మీద ఉంచాను.

“దీన్ని ఎక్కడ పెట్టుకుంటున్నారమ్మా?”

“కోతప్పుడు ఇంకేడ పెట్టుకుంటాం? రొండినే.”

నడుం దగ్గర, చీర మడతలో. రోజంతా ఎండలో.

ఆ మోడలుకు కంపెనీ అప్పటికే రీకాల్ ప్రకటించింది. అమ్మిన సరుకులో ప్రమాదం ఉందని తేలితే కంపెనీయే దాన్ని వెనక్కి తీసుకుని వేరేది ఇవ్వడాన్ని రీకాల్ అంటారు. వెంటనే వాడకం మానండి, ఛార్జింగు పెట్టకండి, సర్వీస్ సెంటరులో అప్పగించండి అని మెసేజ్ పంపారు. అది పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. అదీ బిల్లు మీదున్న మరియమ్మ సెల్ నంబరుకే వచ్చింది. మరియమ్మ దాన్ని ఏదో లాటరీ మెసేజ్ అనుకుని వదిలేసింది. నాకూ డీలరు వాట్సాప్‌లో పెట్టాడు. నేను చూసి, తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

సంగతి చెప్పగానే మరియమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. “అయితే ముందు అందరియ్యీ ఆపించాల. పదండి” అంది. షట్టరు దించి ఆవిడతో చేలోకి వెళ్ళాను.

ఫోన్లు ఆపమంటే అక్కడ పెద్ద గొడవే జరిగింది. నాది చల్లగానే ఉంది కదా అని ఒకామె, పాతవి తీసుకుని పాతవే అంటగడతారని ఇంకొకామె. సుజాతకు అసలు నా మీదే కోపం. “మా ఆయన చీమకుర్తిలో రాళ్ళ మిషను కాడ పంజేత్తాడండి. పొద్దుగూకేలకి ఫోను చేత్తాడు. ఎత్తకపోతే కంగారుపడిపోడా?” అంది.

“నా దగ్గర మూడు బటన్ ఫోన్లున్నాయి. అవి వాడుకోండి” అన్నాను.

మరియమ్మ గట్టు మీద నిలబడి అందరినీ ఒకసారి కలియజూసింది. “కొందామని చెప్పింది నేను. తిరిగి తెచ్చిచ్చేది కూడా నేనే. ఇప్పుడైతే ఆపండి. ఎవరూ ఛార్జింగు పెట్టమాకండి” అంది. ఒక్కొక్కరే రొండిలోంచి తీసి ఆపేశారు.

తర్వాత రెండు మధ్యాహ్నాలు నా దుకాణంలో పని. ఉబ్బని పది ఫోన్లలోని ఫోటోలను, నంబర్లను మెమరీ కార్డుల్లోకి ఎక్కించి, గూగుల్ అకౌంట్లు తీసేశాను. అకౌంటు తీయకుండా అప్పగిస్తే ఫోను తాళం పడినట్టే ఉంటుంది, కంపెనీ తీసుకోదు. సుజాత ఫోను మాత్రం ఆన్ చేసే ధైర్యం నాకు లేకపోయింది. అందులో వాళ్ళ పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు ఉన్నాయి. అవి పోయాయి. ఆ మాట చెప్పినప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అసలు యాతన ఆ తర్వాత మొదలైంది. కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, ఆ పైన పాట. ఆ పాట నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. వెబ్‌సైటులో దరఖాస్తు పెడితే తిరస్కరించారు. ఒకే పేరు మీద పదకొండు ఫోన్లున్నాయి కాబట్టి మీరు వాడకందారు కాదు, తిరిగి అమ్ముకునే వ్యాపారి అన్నారు. పైగా బిల్లు మీద ఐఎంఈఐ లేదు కాబట్టి ఈ ఫోన్లు ఆ బిల్లువేనని నమ్మకమేమిటన్నారు. వాళ్ళనూ తప్పుపట్టలేను. నా బద్ధకమే పదకొండు మంది మెడకు చుట్టుకుంది.

వారం గడిచింది. ముఠాలో సణుగుడు పెరిగింది. ఇద్దరు తమ ఫోన్లు తమకు ఇచ్చెయ్యమని, ఛార్జింగు పెట్టుకుంటామని అడిగారట. మరియమ్మ దుకాణంలో స్టూలు మీద కూర్చుంది. ఆవిడ అలా కూలబడటం ఎప్పుడూ చూడలేదు.

“నా మాట మీద ఆపారయ్యా. ఇయ్యి రాకపోతే రేపు నేను పిలిత్తే ఎవరొత్తారు? ముఠా పోయినా పర్లేదు. ఇచ్చేసినాక ఎవరికన్నా అంటుకుంటే నేనెట్టా బతకను?”

“పెట్టెలన్నా ఉంటే బాగుండేదమ్మా. పెట్టె మీద నంబరు ఉంటుంది. ఈపాటికి ఎక్కడ పారేసి ఉంటారో.”

“పెట్టెలా? ఉండాయిగా.”

మర్నాడు ఒక గోతం తెచ్చింది. అందులో పదకొండు పెట్టెలు ఉన్నాయి. ఒక్కో పెట్టెకు ఒక్కో రంగు గుడ్డపేలిక కట్టి ఉంది. చేలో ఎవరి కాయ ఎవరిదో కలిసిపోకుండా ఎవరి గోతానికి వాళ్ళు తమ పాత చీర పేలిక కట్టుకుంటారు. మేస్త్రి ఆ పేలిక చూసి తూకం వేయిస్తుంది. ఫోన్లు కొన్న రోజు పెట్టెలకు కూడా అలాగే కట్టి ఇంట్లో దాచింది. పసుపు చుక్కలది సుజాతది, నీలం అంచుది రాహేలుది. తడుముకోకుండా అన్నీ చెప్పింది. ఫోన్లలో సిమ్ పెట్టే ట్రే మీద ఉన్న నంబర్లతో సరిచూశాను. పదకొండూ సరిపోయాయి. నేను లేచి ఆవిడకు దణ్ణం పెట్టాను.

సోమవారం పొద్దున్నే పన్నెండుమందిమీ ఒకే ఆటోలో గుంటూరు వెళ్ళాం. ఇసుక డబ్బా నా కాళ్ళ దగ్గర. సర్వీస్ సెంటరు మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు కానీ, “సిస్టమ్ తీసుకోదండీ. ఫోన్లు ఇక్కడ వదిలి వెళ్ళండి, పైవాళ్ళతో మాట్లాడి చూస్తాం” అన్నాడు.

“చీటీ ఇత్తారా?” అంది మరియమ్మ.

“చీటీ ఎందుకమ్మా? మా దగ్గరే ఉంటాయిగా.”

“తూకం చీటీ లేకుండా మిరపకాయల టిక్కీ, ఒక్క బస్తా కూడా ఎప్పుడూ బండెక్కనియ్యలేదయ్యా నేను. ఇయ్యెట్టా వదిలిపోతా? మెసేజు పంపింది మీరు. ఆపమన్నది మీరు. మేం ఆపాం, ఛార్జింగు పెట్టలా, జాగర్తగా తెచ్చాం. మా పని మేం చేశాం. ఇంక మీ పనే మిగిలింది.”

వరసలో నిలబడ్డ వాళ్ళంతా ఇటు తిరిగారు. మరియమ్మ పెట్టెలు తీసి కౌంటరు మీద వరసగా పేర్చింది. “సుజాతా, రా” అని పిలిచింది. సుజాత తన పెట్టె, తన ఆధార్ కార్డు పట్టుకుని ముందుకొచ్చింది. నేను ఇసుక డబ్బా మూత తీసి చూపించాను. లోపలున్నది చూసి మేనేజరు ఒక అడుగు వెనక్కి వేశాడు. అప్పుడు నేను కాగితం తీసుకుని, ఒకే బిల్లు రాసింది నేనే, నంబర్లు వెయ్యనిది నేనే, తప్పు నాదే అని రాశాను. పదకొండు నంబర్లూ, పదకొండు పేర్లూ వేసి, సంతకం చేసి దుకాణం ముద్ర కొట్టాను. ఏ కాగితం మీదా అంత సంతోషంగా ముద్ర కొట్టలేదు.

మేనేజరు ఆ కాగితం ఫోటో తీసి పైవాళ్ళకు పంపి, గంటసేపు ఫోనులో వాదించాడు. ఆ మేలు మరువకూడదు. చివరికి బయటికొచ్చి, “ఎవరి పేరు మీద వాళ్ళకే నమోదు చేస్తామండీ. రసీదులు కూడా విడివిడిగా ఇస్తాం” అన్నాడు. మా వాళ్ళు చేసిన గోలకు సెక్యూరిటీ గార్డు లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

మూడు వారాలకు కొత్త ఫోన్లు వచ్చాయని మెసేజ్ వచ్చింది. ఈసారి తెలుగులో, పదకొండు మందికీ విడివిడిగా, నేనిచ్చిన బటన్ ఫోన్లకూ ఇళ్ళలోవాళ్ళ ఫోన్లకూ వచ్చింది.

ఈ కేసు నాకు నేర్పింది రెండు విషయాలు. ఒకటి, బిల్లు పుస్తకంలో నేను మిగుల్చుకునే రెండు నిమిషాలు ఇంకొకరికి నెల రోజుల నరకం కావచ్చు. ఇప్పుడు ఎంత రద్దీ అయినా ప్రతి ఫోనుకూ పేరు, నంబరు వేశాకే పెట్టె తెరుస్తాను. రెండోది, రీకాల్ ప్రకటించడం కంపెనీ పనే కావచ్చు. చేలోకి వెళ్ళి, పదిమంది చేత ఫోన్లు ఆపించి, వాళ్ళ కోపాలు భరించి, తిరిగి ఇప్పించేదాకా వదలని మనిషి లేకపోతే ఆ ప్రకటన మెసేజ్‌గానే ఉండిపోతుంది.

కొత్త ఫోన్లు తీసుకునే రోజు నేనూ వెళ్ళాను. నాకక్కడ పనేమీ లేదు, చూడాలనిపించింది. కౌంటరులో ఒక్కో పేరూ మైకులో పిలిచారు. సుజాత గారూ. రాహేలు గారూ. పేరు వినిపించినవాళ్ళు చీర సర్దుకుని, తల ఎత్తుకుని వెళ్ళి సంతకం పెట్టి తెచ్చుకున్నారు. ఏ చేలో అడిగినా ఇన్నాళ్ళూ వాళ్ళంతా మరియమ్మ ముఠా. మరియమ్మ తన పేరు చివర రాయించుకుంది. ఆవిడ వంతు వచ్చేసరికి పదిమందీ లేచి నిలబడ్డారు.