నూనె జడ, మూగ రేడియో

"నీ బోడి తల చూసుకుని నా పిల్లకీ అదే రాత రాస్తావా అమ్మాయ్? నూనె లేని తలతో ఆడపిల్ల గడప దాటితే చావింటి నుంచి వచ్చిందనుకుంటారు!"

"అనుకోనీ వదినా. నూనె వేళ్ళతో పట్టుకుంటే టంకం అంటదు. రేపు నూనె జడతో వచ్చిందంటే గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తాను. మేనకోడలని చూడను."

నా చిన్నప్పుడు, సింగపూర్‌లో, మా బెడోక్ ఫ్లాటులో, మా అమ్మా మా మేనత్తా నా తల గురించి ఇలా పోట్లాడుకున్నారు. నన్నెవరూ అడగలేదు. అత్త తన జడ ఎప్పుడో కత్తిరించేసుకుంది. నాలుగో తరగతితో బడి మానిపించి, అత్త పెత్తనం చేసే రేడియోల షెడ్డులో నన్ను కూర్చోబెట్టారు. ఆ పని పోతే నాకు మిగిలేది పరాయి ఇళ్ళల్లో గిన్నెలు తోమడమే.

షెడ్డు ఈ ఊళ్ళోనే పుట్టిన ఒక పెద్దాయనది. రేడియోలు బాగుచేస్తూ బతికినవాడు, తన పేరు వేసి సొంతంగా చేయడం మొదలుపెట్టాడు. ఊరి పడమటి వైపు జురాంగ్‌లో విదేశీ ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. బయటి దేశం రేడియో పాడైతే ఆ ఒక్కటే పాడైందనేవారు. మాది పాడైతే ఇక్కడ చేసినవన్నీ చెత్తే అనేవారు. వంతెన అవతల మలేషియాలోని జోహోర్ దుకాణదారు అప్పటికే కొన్ని వెనక్కి పంపాడు. అత్త విప్పి చూస్తే అన్నీ నా బల్ల మీదివే. పొద్దున్నే అమ్మ కొబ్బరినూనె పట్టించి జడ వేసేది. పనిలో మాటిమాటికీ ఆ జడ వెనక్కి తోసుకుని, ఆ వేళ్ళతోనే తీగలు పట్టుకునేదాన్ని.

పోట్లాట అక్కడితో ఆపేసి అత్త సంచీలోంచి ఓ రేడియో తీసింది. "ఇదిగో వదినా, నీ కూతురు చేసింది. ఉంచుకో" అంది. అమ్మ మొహం వెలిగిపోయింది. వరండాలో స్టూలు వేసి, దాని మీద పెట్టి, పక్క ఫ్లాట్ల వాళ్ళందర్నీ పిలిచింది. పాట మొదలైంది. అమ్మ నా తల నిమిరింది. పల్లవి పూర్తి కాకుండానే రేడియో మూగబోయింది. అమ్మ దాన్ని తట్టింది. తర్వాత కొట్టింది.

"లోకల్ లా! ఇంకేం మోగుతుంది?" అంది పక్క ఫ్లాటు ఆంటీ, ఈ ఊరి యాసలో 'లా' సాగదీస్తూ. అందరూ నవ్వారు.

అత్త వెనక మూత విప్పి, వేలితో ఒక తీగని తాకింది. అది ఊడి చేతికొచ్చింది. "టంకం నీ కూతురిది. నూనె నీది. ఈ నవ్వు మా పెద్దాయన రోజూ వింటున్నాడు" అంది, అందరి ముందూ.

అది వెనక్కి వచ్చిన రేడియో అని తెలిసే ఇచ్చింది. పక్కకి పిలిచి మెల్లగా చెప్పొచ్చు. కానీ మెల్లగా చెబితే అమ్మ వినేది కాదు.

ఆ షెడ్డు తర్వాత ఫ్యాక్టరీ అయింది, పెద్దాయన పేరు చుట్టుపక్కల దేశాల దుకాణాలకి ఎక్కింది. నేను అందులోనే ముసలిదాన్నయ్యాను. నా చేతికింది పిల్లలకి వాళ్ళ తప్పులు నేనూ నలుగురి ముందే చెప్పాను. కొందరు ఏడ్చారు. "టూ మచ్ లా, అమ్మమ్మా" అంటుంది నా మనవరాలు. అననీ. ఇప్పటికీ నా జుట్టు మెడ దాటనివ్వను.

ఆ రేడియో మూగబోయిన మర్నాడు పొద్దున అమ్మ నూనె సీసా తీయలేదు, కత్తెర తీసింది. ఎండిన తల కంటే అదే నయమనుకుందేమో. కోసిన జడని పారేయకుండా, సవరాలు కట్టే ఆవిడకి అమ్మొచ్చని కాగితంలో చుట్టి బీరువా మీద పెట్టింది. నేను పనికి వెళ్ళాను.