రెండు సీట్ల బండి: బోటు లాగడానికి కేథరిన్ దాకా

ఫిబ్రవరి నుంచి మా ఇంటి ముందు ఒక బోటు కదలకుండా పడి ఉంది. ఐదు మీటర్ల అల్యూమినియం బోటు, వెనక మోటారు, కింద ట్రైలరు. దాన్ని నీళ్ళ దాకా లాక్కెళ్ళే బండి మాత్రం నాకు లేదు. ఆరేళ్ళ కిందట కొన్నప్పుడు ఆ లోటు తెలియలేదు, ఎందుకంటే రెండు వీధుల అవతల నా స్నేహితుడు శ్రీను ఉండేవాడు, వాడికి యూట్ ఉండేది. వెనక తొట్టి ఉన్న పికప్ ట్రక్కును ఇక్కడ ఆస్ట్రేలియాలో యూట్ అంటారు. ఆదివారం తెల్లారగానే వాడు యూట్ తెచ్చి బోటు తగిలించేవాడు, బోటును నీళ్ళలోకి దించే ర్యాంపుకు రెండు కుటుంబాలూ కలిసి వెళ్ళేవాళ్ళం. మా గోదావరి జిల్లాలో పండుగప్ప అని పెళ్ళికొడుక్కి వండిపెట్టే చేపనే ఇక్కడ బారమండి అంటారు. మా అమ్మాయి సాహితి పదేళ్ళప్పుడు ఆ బోటులోంచే మొదటి పండుగప్పను లాగింది. రెండేళ్ళ కిందట తన హైస్కూలు చదువు కోసం మా ఆవిడ పద్మ, తనూ సిడ్నీ వెళ్ళి ద పాండ్స్‌లో ఉంటున్నారు. ఈ ఫిబ్రవరిలో శ్రీను కూడా మెల్‌బోర్న్ వెళ్ళిపోయి టార్నీట్‌లో ఇల్లు తీసుకున్నాడు. డార్విన్ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తూ నేనూ, ఇంటి ముందు బోటూ మిగిలాం.

నాకు కారు లేదని కాదు. ఏడు సీట్ల కారు ఉంది. మనవాళ్ళ సంగతి తెలిసిందే, ఇంట్లో ముగ్గురుంటే ఏడు సీట్లు కొంటాం, ఎవరైనా వస్తే ఎక్కడ కూర్చుంటారని. మూడో వరస సీట్లకు కంపెనీవాళ్ళు వేసిన ప్లాస్టిక్ కవరు ఇంకా అలాగే ఉంది. ఆ కారు టన్నుకు మించి లాగదు, దాంతో బోటు జోలికి పోవద్దని శ్రీను ఎప్పుడూ అనేవాడు. బోటు అమ్మకానికి పెడితే ఒకాయన ఆదివారం సాయంత్రం చూడ్డానికి వస్తానన్నాడు. ఈలోగా బండి దొరికితే బోటు ఉంటుంది, దొరక్కపోతే పోతుంది. అది పోతే ఈ ఊళ్ళో నాకు డ్యూటీ తప్ప మరో పని ఉండదు. పోయిన నెలలో ఒక శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చాక సోమవారం పొద్దున డ్యూటీలో "గుడ్ మార్నింగ్" అనేదాకా ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడలేదని ఆ గుడ్ మార్నింగ్ గొంతులో అడ్డంపడ్డప్పుడు తెలిసింది. ఈ మాట ఇంట్లో చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

డార్విన్‌లో నా బడ్జెట్‌కు దొరికినవన్నీ ఉప్పునీళ్ళలో దిగి లేచిన బండ్లే. కేథరిన్‌లో కెవిన్ అనే రిటైరైన మెకానిక్ దగ్గర రెండు యూట్‌లు ఉన్నాయని ప్రకటన చూసి శనివారం బయల్దేరాను. కేథరిన్ ఇక్కడికి దక్షిణంగా మూడు వందల ఇరవై కిలోమీటర్లు, ఒకటే హైవే, తప్పిపోదామన్నా వీలు కాదు. వెళ్ళేటప్పుడు కోచ్ బస్సు ఎక్కాను. టికెట్ వంద డాలర్లకు కాస్త అటూ ఇటూ. వెళ్ళడానికి మాత్రమే తీసుకున్నాను, బండి కొనకపోతే ఆ రాత్రికి అక్కడే మోటెల్. శ్రీనుకు ఫోన్ చేస్తే వాడు ఒకటే పాట.

"ఒరేయ్, త్రీ అండ్ హాఫ్ టన్ టోయింగ్ ఉన్నదే తీస్కో. డ్యూయల్ క్యాబ్. ఫైవ్ సీట్స్ మస్ట్ రా. రేపు మేమొస్తే తొట్టిలో కూర్చోబెడతావా?"

"ఎప్పుడొస్తున్నార్రా?"

"చూడాలి రా. పిల్లల టర్మ్ ఎగ్జామ్స్ అయ్యాక ప్లాన్ చేస్తాం."

ఉదయం ఆరున్నరకు కదిలిన బస్సు ఎనిమిది గంటలకు అడిలైడ్ రివర్ దగ్గర రోడ్‌హౌస్ ముందు ఇరవై నిమిషాలు ఆగింది. పెట్రోలు, టిఫిను, బాత్రూము అన్నీ ఒకే చోట ఉండే దారి మజిలీ అది. కౌంటర్ దగ్గర గుడ్డు రోల్ చెప్పి నిలబడితే వంటగదిలోంచి తాలింపు వాసన వచ్చింది. ఆవాలు, ఎండుమిర్చి. బీఫ్ పైలు అమ్మే చోట ఆ వాసనేమిటని తొంగి చూశాను. నలభై ఏళ్ళ ఆవిడ, ఏప్రన్ కట్టుకుని, ఒక పక్క నా గుడ్డు వేస్తూ ఇంకో పక్క తన పప్పు పోపేస్తోంది. పేరు స్వరూప, కరీంనగర్ అట.

"తెలుగోళ్ళా అన్నా? మొఖం జూడంగనే అనుకున్న. ఎటు పోతున్నవ్ పొద్దుపొద్దుగాల?"

"కేథరిన్‌కమ్మా. బోటు లాగడానికి యూట్ చూద్దామని."

"ఒక్కనివేనా? వదిన రాలే?"

"సిడ్నీలో ఉంటారు. పాప స్కూలు."

"మా ఆయన గూడ మెల్‌బోర్న్‌ల ఉంటడు. పీఆర్ కోసం రెండేండ్లు గిసొంటి రీజినల్ ఊర్లల్ల పనిజెయ్యాలె గద, నేను వచ్చిన." గరిటె ఆపి నవ్వింది. "ఎదురుంగ ఎవరితోని తెలుగు మాట్లాడక పదకొండు దినాలైంది అన్నా. గందుకే నీ గుడ్డు మాడిపాయె. ఇంకోటి ఏస్త ఆగు."

మాడినదే తింటానన్నాను. బస్సు హారన్ కొట్టేదాకా ఆవిడ మాట్లాడుతూనే ఉంది, నేనూ అంతే. తిరిగొచ్చేటప్పుడు బండి తీసుకుని ఆగమంది.

కేథరిన్ చేరేసరికి పదకొండు కావస్తోంది. కెవిన్ బస్టాప్‌కు వచ్చి తీసుకెళ్ళాడు. డెబ్బై దాటిన మనిషి, ఇక్కడ స్టేషన్లనే పెద్ద పెద్ద పశువుల ఫారాల్లో జీవితమంతా బండ్లు బాగుచేశాడు. ఆయన మాట్లాడింది ఇంగ్లీషు, నేను తెలుగులో రాస్తున్నాను. షెడ్డులో రెండు యూట్‌లు పక్కపక్కన ఉన్నాయి. మొదటిది ఐదు సీట్ల డ్యూయల్ క్యాబ్, మూడున్నర టన్నులు లాగగలదని వెనకే రాసి ఉంది, ముప్పై ఒక్క వేలు. రెండోది తెల్లటి సింగిల్ క్యాబ్, రెండే సీట్లు, వెనక తొట్టికి బదులు పొడవాటి ట్రే, రెండున్నర టన్నులు లాగుతుంది, పద్దెనిమిది వేల చిల్లర. నేను నేరుగా ఐదు సీట్ల దాని దగ్గరికి వెళ్ళి తలుపు తీశాను. లోపల లెదరు, తళతళలు.

"కింద చూడు మేట్," అన్నాడు కెవిన్.

అట్టముక్క పరుచుకుని కిందికి దూరి టార్చ్ వేసి చూస్తే వెనక ఛాసిస్‌కు ట్రైలరు తగిలించే చోటంతా తుప్పు, గోరుతో గీకితే రాలుతోంది. పైన పటారం, లోన లొటారం. అమ్మేవాడే చూపించాడంటే ఆయన మంచితనం. రెండో దాని కింద ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు.

"నీ బోటు బరువెంత?"

"ఆరు వందల ఇరవై కిలోలు," అన్నాను ధీమాగా. బోటు కాగితాల్లో అదే ఉంది.

కెవిన్ జేబులోంచి సుద్దముక్క తీసి షెడ్డు నేల మీద రాయడం మొదలుపెట్టాడు. అది ఖాళీ డొల్ల బరువట. మోటారు నూట డెబ్బై. ట్రైలరు నాలుగు వందలు. పెట్రోలు నిండా ఉంటే వంద. బ్యాటరీలు, లంగరు, ఐసుపెట్టె, గాలాలు, నీళ్ళు నూట యాభై. మొత్తం పద్నాలుగు వందల నలభై అయ్యింది. నా ఏడు సీట్ల కారుతో ఎలాగోలా లాగేద్దామని ఒకసారి అనుకున్నది గుర్తొచ్చి చెమట పట్టింది. ఏడు వందల యాభై దాటిన ట్రైలరుకు బ్రేకులు తప్పనిసరి అనీ, మొత్తంలో సుమారు పదో వంతు బండి వెనక కొక్కెం మీద పడుతుందనీ చెప్పాడు. అంటే ఇద్దరు మనుషులు తొట్టి అంచున ఎప్పుడూ కూర్చున్నట్టే. బండి, అందులో మనుషులు, సామాను, వెనక బోటు అన్నీ కలిపి మించకూడని మొత్తం ఇంకొకటి ఉంటుంది. ప్రకటనల్లో పెద్దక్షరాల్లో వేసేది లాగే బరువు, ఈ మొత్తం కోసం బండి పుస్తకం తిరగెయ్యాలి.

"సరే, బండిలో ఎవరెవరు?" అని సుద్ద నాకిచ్చాడు.

నేను డెబ్బై ఎనిమిది. పద్మ అరవై రెండు. సాహితి యాభై అని రాసి, ఇప్పుడు ఎంతుంటుందో నాకు తెలియదని గుర్తొచ్చి ఆగాను. తర్వాత శ్రీను, వాళ్ళావిడ, నూట నలభై. కుక్కరు, బియ్యం, కుర్చీలు, ఇంకో నలభై. మనం పిక్నిక్‌కు వెళ్తే వంటిల్లు వెంట వస్తుంది కదా. కెవిన్ ఆ వరసంతా చదివాడు.

"బాగుంది. వీళ్ళు ఎప్పుడొస్తారు?"

"స్కూలు సెలవుల్లో."

"పోయిన సెలవుల్లో వచ్చారా?"

"రాలేదు."

"అంతకుముందు?"

నేను సుద్దతో నేల మీదికి వంగాను. ఆయన టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మా నాయనమ్మ ఎవరినో ఎగతాళి చేసేది. నా సంగతి అంతకన్నా వింత, ఆలూ ఉంది, బిడ్డా ఉంది, బండిలో మాత్రం ఎవరూ లేరు. ఉన్న ఇనుమును లెక్కలో వదిలేశాను, లేని మనుషులను కిలోలతో సహా రాశాను. శ్రీను వాళ్ళను కొట్టేయడం తేలికగానే అయ్యింది. కుక్కరూ పోయింది. మిగతా రెండు పేర్ల దగ్గర చెయ్యి రాలేదు. ఏడుపొచ్చింది. షెడ్డు వెనక్కి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాను.

"ఏవండీ, దొరికిందా బండి?" అంది పద్మ.

"మంచి బండే, రేటూ తక్కువే. కానీ రెండే సీట్లు."

అవతల కుక్కరు కూత వినిపించింది. "మరి మేమొస్తే?" అంది. మళ్ళీ తనే అందుకుంది. "మేమెక్కడొస్తున్నామండీ... దీనికి ట్యూషన్లు, నాకు వీకెండ్ షిఫ్టులు. వచ్చినా నాలుగు రోజులు. మీకు రోజూ ఏది పనికొస్తే అది తీసుకోండి."

సాహితి పక్క నుంచి అరిచింది. "డాడ్, జస్ట్ గెట్ ద వన్ దట్ పుల్స్ ద బోట్! వీ కెన్ గెట్ ఎ క్యాబ్ టు ద ర్యాంప్."

"నీ బరువెంత అమ్మా ఇప్పుడు?"

"వాట్? డాడ్! ఫిఫ్టీ ఎయిట్. వై?"

"ఊరికే," అన్నాను.

ఒంటిగంటన్నరకు రెండు సీట్ల యూట్ బదిలీ కాగితాల మీద ఇద్దరం సంతకాలు చేశాం. కెవిన్ ట్రైలరు తగిలించే కొక్కెం, ఒక పాత పనిముట్ల పెట్టె ఊరికే ఇచ్చాడు. వాటిని పక్క సీట్లో పెట్టి బయల్దేరాను. రెండు వీధులు దాటకముందే బండి కుయ్‌కుయ్‌మని ఒకటే గోల. ఏం చెడిపోయిందోనని రోడ్డు పక్కన ఆపి చూస్తే, ఆ ఇనుము బరువుకు పక్క సీట్లో మనిషి ఉన్నాడనుకుని బెల్టు పెట్టమని అడుగుతోంది. తీసి ట్రేలో పడేస్తే సరిపోయేది. నేను దానికి బెల్టు పెట్టాను. పైన్ క్రీక్ దాటేదాకా నాతో నేనే నవ్వుకుంటూ, మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ నడిపాను. ఆ హైవే మీద కొన్ని చోట్ల వేగం నూట ముప్పై దాకా ఉంది, నేను వందకే నడిపాను. చీకటి పడితే కంగారూలు రోడ్డెక్కుతాయి కాబట్టి రెండు దాటకుండా బయల్దేరడం మంచిది. డీజిల్‌కు డెబ్బై డాలర్లు అయ్యింది.

నాలుగు గంటలకు రోడ్‌హౌస్ ముందు ఆపితే స్వరూప ఏప్రన్‌తోనే బయటికొచ్చి బండి చుట్టూ తిరిగింది.

"గిదేందన్నా, రెండే సీట్లున్నయ్!" బెల్టు పెట్టిన పనిముట్ల పెట్టెను చూసి పడీపడీ నవ్వింది. "మంచిగ కూసుండవెట్టినవ్ సుట్టాన్ని. ఆగు, ఇంత పప్పన్నం పట్కపో. డబ్బా వాపసియ్యాలె, యాదుంచుకో."

డబ్బా తిరిగివ్వాలంటే మళ్ళీ నూట పదిహేను కిలోమీటర్లు రావాలి. వస్తానన్నాను. ఐదున్నరకు ఇల్లు చేరి, బోటు కోసం వస్తానన్నాయనకు అమ్మడం లేదని మెసేజ్ పెట్టి, స్వరూప పప్పన్నం బోటు అంచున కూర్చుని తిన్నాను. తినేటప్పుడు పద్మ చేతి పప్పు గుర్తొచ్చింది, ఆ జ్ఞాపకాన్ని కాదనుకోవడం దేనికి.

ఆదివారం పొద్దున ఆ కొక్కేనికి మొదటిసారి ఒంటిచేత్తో బోటు తగిలించాను. ఇదివరకు నేను యూట్ వెనక్కి తీస్తుంటే శ్రీను వెనక నిలబడి "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆపు" అనేవాడు. ఆ గొంతు లేకుండా పదకొండుసార్లు దిగి ఎక్కాల్సి వచ్చింది. ఒంటరితనం పోవడానికి బండి కొన్నానని ఎవరైనా అనుకుంటే అది తప్పు, అది ఎక్కడికీ పోలేదు, నాతోనే ర్యాంపు దాకా వస్తుంది. కాకపోతే ఇన్నాళ్ళూ రాని వాళ్ళ కోసం సీట్లు తుడుస్తూ ఇంట్లో కూర్చున్నాను, ఇప్పుడు ఉన్న ఒక్కడినీ తీసుకుని నీళ్ళ దగ్గరికి వెళ్తున్నాను. ర్యాంపుకు వెళ్ళేముందు లారీలు తూచే కాటా దగ్గర ఆగాను. మీరు బోటు కోసం యూట్ కొనబోతుంటే ముందు ఈ పని చేయండి: పెట్రోలు, ఐసు, లంగరు అన్నీ నింపిన బోటును ఎవరి బండికైనా తగిలించి, అద్దెకు తెచ్చుకునైనా సరే, ఒకసారి కాటా మీదికి ఎక్కించండి. ఆ అంకె చేతిలో ఉంటే ఏ సేల్స్‌మనూ మిమ్మల్ని మోసం చేయలేడు. మనుషుల బరువు లెక్క కోసం, బండిలో ఎంతమంది ఉన్నారని కిటికీలోంచి కాటా అమ్మాయి అడుగుతుంది. నిజం చెప్పండి. నేను ఒక్కడినేనని చెప్పాను, తూకం సరిగ్గా వచ్చింది.